రిటైరైన పహిల్వాన్ మేనేజర్‌గా ఏం చేస్తాడు?

అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలో మేనేజర్ మన కుస్తీ ఉస్తాద్ లాంటివాడేనా, ఆ పని పాత రెజ్లర్లకే ఎందుకు ఇస్తారని అడిగారు.

ఉస్తాద్ లాంటివాడు కాదు. నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో జాతర కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండి కడెంతో ముగుస్తాయి. ఉస్తాద్ తాలీంలో, అంటే కుస్తీ శిక్షణశాలలో, పట్లు నేర్పుతాడు, బరిలో గెలుపు నిజం. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఫలితం ముందే ఖాయం, మేనేజర్ కూడా పాత్రధారే. జనం ముందు మాట్లాడటం చేతకాని మల్లుడి తరఫున మైకు పట్టడం, రెఫరీ చూపు మళ్లించడం, జనం కోపాన్ని తన మీదికి తెచ్చుకోవడం అతని పని. తొందరపడి రింగు అంచు ఎక్కితే కుస్తీ వదిలి జనం అతన్నే చూస్తారు, ఆట చెడుతుంది. ఆ సమయం పట్టుకోవడం, హీరో కొడితే దెబ్బ తగలకుండా పడటం బరిలో బతికినవాడికే బాగా వస్తాయి. అయితే కుస్తీ ఆడనివాళ్లు కూడా ఈ పనిలో రాణించారు; పేరున్న మేనేజర్ పాల్ హేమన్ ఫొటోగ్రాఫర్‌గా మొదలుపెట్టాడు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఉదాహరణ 1983 డిసెంబర్ 26న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన టైటిల్ పోటీ. సవాలు విసిరిన రెజ్లర్ ఐరన్ షేక్ వైపు ఫ్రెడ్డీ బ్లాసీ, ఛాంపియన్ బాబ్ బ్యాక్‌లండ్ వైపు ఆర్నాల్డ్ స్కాలాండ్. మేనేజర్లిద్దరూ మాజీ రెజ్లర్లే. వీపు మీద కూర్చుని మెడను వెనక్కి లాగే క్యామెల్ క్లచ్ పట్టులో చిక్కినా బ్యాక్‌లండ్ ఓటమి ఒప్పుకోలేదు, అతని తరఫున ఓటమి ఒప్పుకుంటూ స్కాలాండ్ తువ్వాలు విసిరాడు. బ్యాక్‌లండ్‌కు ఛాంపియన్ బెల్టు పోయింది, లొంగిపోయాడన్న పేరు మాత్రం రాలేదు. నాలుగు వారాలకు, 1984 జనవరి 23న, అదే బెల్టు షేక్‌ను ఓడించిన రెజ్లర్ హల్క్ హోగన్ నడుముకు చేరింది.