పొర రాకముందే లెన్స్ మార్పించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ప్రొద్దుటూరులో బంగారం పని చేస్తాను. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి అద్దాలే, రెండు కళ్లకూ మైనస్ 9. మొన్న పరీక్ష చేసిన డాక్టరు, ‘కంట్లో పొర (శుక్లం) ఇంకా రాలేదు గానీ ఎప్పటికైనా వస్తుంది. ఇప్పుడే కంటి లోపలి లెన్స్ మార్చేస్తే అద్దాలూ పోతాయి, పొర బెంగా ఉండదు’ అన్నారు. ఫిబ్రవరిలో అమ్మాయి పెళ్లి. చేయించుకోమంటారా, మేడమ్?

జవాబు: ముందు ఒకటి అడుగుతాను. గొలుసు అతుకు సరిచూసుకునేటప్పుడు అద్దాలు తీసేసి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు కదూ? మైనస్ 9 కంటికి 11 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది అద్దాలు లేకుండానే స్పష్టంగా కనిపిస్తుంది. దూరానికి సరిపోయే లెన్స్ వేశాక ఆ చూపు పోతుంది. దగ్గర పనికి మళ్లీ అద్దాలే. దూరం, దగ్గర రెండూ కనిపించేలా చేసే మల్టీఫోకల్ లెన్స్ వేయించుకుందామంటే, అది వెలుతురును పంచేస్తుంది. దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. రోజూ మంట ముందు కూర్చునే మీకు నేనైతే అది వేయమనను.

పొరకు చేసే ఆపరేషనూ, ఇదీ ఒకటే. కాకపోతే అక్కడ మసకబారిన లెన్స్ తీస్తారు, ఇక్కడ బాగున్న లెన్స్ తీస్తారు. తర్వాత పొర రాదన్నది నిజమే. కానీ ఇంత మైనస్ ఉన్నవాళ్లకు కనుగుడ్డు పొడవుగా సాగి, కంటి వెనకుండే తెర, అంటే రెటీనా, పలచబడి ఉంటుంది. లెన్స్ తీస్తే ఆ రెటీనా ఊడే ప్రమాదం పెరుగుతుంది. యాభై లోపు మగవాళ్లలో ఇంకా ఎక్కువ. నాకూ మైనస్ 6 ఉంది, నేను చేయించుకోలేదు.

కొత్త పవర్ అద్దాలతో చార్టులో కింది వరస చదవగలుగుతున్నారా? అయితే ఆగండి. అద్దాలు మార్చినా మసకగానే ఉండి, రాత్రిపూట ఎదురొచ్చే బండి లైట్లు కళ్లల్లో చెదిరిపోతుంటే అప్పుడది పొర కావచ్చు, పరీక్షలో పొరేనని తేలితే చేయించుకోవచ్చు. ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలం మాట. ఆ రోజు మాత్రం, ‘కొంచెం మైనస్ ఉంచండి, దగ్గర పని నాకు ముఖ్యం’ అని డాక్టరుకు ముందే చెప్పండి.

ఈలోగా ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు, నల్లచుక్కలు కనిపిస్తే అదే రోజు వెళ్లాలి.

పెళ్లికంటారా, అదే పవర్‌కు పలచగా వచ్చే హై ఇండెక్స్ అద్దాలు చిన్న ఫ్రేములో వేయించండి. సోడాబుడ్డి మందం చాలావరకు తగ్గుతుంది.