జీతం, జాతకం సరే, చేదు మాట ఎప్పుడు చెప్తారో చూశారా?

"ప్రేమించినా, పెద్దలు కుదిర్చినా, భాగస్వామిలో నిజంగా చూడాల్సిన లక్షణాలు ఏవి? అందమా, ఉద్యోగమా, మంచి మనసా?" అని అడిగారు.

నేనైతే ఒక్కటే చూడమంటాను. చెడ్డ వార్త ఉన్నప్పుడు ఆ మనిషి మీ దగ్గరికి ఎంత తొందరగా వచ్చి చెప్తారో చూడండి. అందం, జీతం అక్కర్లేదని కాదు. అవి చూడమని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, అందరూ చూస్తారు. దీని సంగతే ఎవరికీ గుర్తు రాదు. నాకూ గుర్తు రాలేదు.

మాది మదనపల్లె. 2011లో ఉద్యోగానికి బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఒక పీజీలో చేరాను. ఆ వీధిలో ఇస్త్రీ బండి దగ్గర కూడా తెలుగే, ఊరు మారినట్టే ఉండేది కాదు. రెండో ఏడాది మా టీమ్‌లోకి గుంటూరు వైపు అబ్బాయి వచ్చాడు. నెమ్మదస్తుడు, గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు జ్వరమొస్తే కొబ్బరిబోండాలు తెచ్చి పీజీ వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్లేవాడు. ఇలాంటి ప్రశ్నలకు జనం రాసే గుణాలన్నీ, ఓర్పు, ప్రేమ, గౌరవం, అతనిలో ఉన్నాయి. ఇది ఇప్పటికీ మనస్ఫూర్తిగానే అంటాను.

ఇద్దరం ఇష్టపడ్డాం, కానీ కులాలు వేరు. ఇంట్లో చెప్పావా అంటే "చెప్పాను, అమ్మ మెత్తబడుతోంది, నాన్నే కాస్త టైమ్ అడిగారు" అనేవాడు. ఎనిమిది నెలలు ఆ మాట పట్టుకునే ఉన్నాను.

2014 ఫిబ్రవరిలో వాళ్లమ్మగారు కొడుకును చూడ్డానికి వచ్చారు. కలుస్తానని నేనే పట్టుబట్టాను, సరేనన్నాడు. ఆవపిండి రంగు నేత చీర కట్టుకుని, కిలో ద్రాక్ష తీసుకుని మడివాళలో అతని గదికి వెళ్లాను. ఆవిడ పేపరు పరుచుకుని ఊరి నుంచి తెచ్చిన గోంగూర ఒలుస్తున్నారు. తలెత్తి నవ్వి, "రామ్మా, కూర్చో. మావాడి ఆఫీసేనా?" అన్నారు.

నేను అతని వైపు చూశాను. వంటగదిలో సింకు దగ్గర అటు తిరిగి నిలబడి గ్లాసు కడుగుతున్నాడు. ఒక్కటే గ్లాసు. కడిగినదాన్నే కడుగుతున్నాడు.

ఏం చేయాలో తోచక నేను కూడా ఒక కట్ట అందుకుని ఆకులు తుంచడం మొదలుపెట్టాను. ఆవిడ చేతులు తుడుచుకుని, బ్యాగులోంచి కవరు తీసి ఫోటో చూపించారు. "నువ్వైనా చెప్పమ్మా వాడికి. పొన్నూరు సంబంధం, పిల్ల ఎంఫార్మసీ చదివింది. జాతకాల్లో 36కి 28 పాయింట్లు కలిశాయి. ఉగాదిలోపు మాట ఇచ్చేయాలి, వీడేమో ఇదిగో అదిగో అంటాడు." పిల్ల చాలా బాగుందండీ అన్నాను. ఆ కట్ట పూర్తిగా ఒలిచి, టీ తాగి లేచాను. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో బస్సు ఎప్పటిలాగే ఆగిపోయింది. వేళ్ల నిండా గోంగూర పులుపు వాసన. ఆ చేతులతో మొహం కూడా తుడుచుకోలేక అలాగే కూర్చున్నాను.

రాత్రి ఫోన్ చేసి అతను అన్న మాట: "నువ్వు బాధపడతావనే చెప్పలేదు." నాకు అసలు కోపం వచ్చింది అప్పుడే. బాధ ఎటూ పడేదాన్నే. మొదటి నెలలోనే చెప్పి ఉంటే ఆ బాధ ఇద్దరం కలిసి పడేవాళ్లం, ఏదో ఒక దారి వెతికేవాళ్లం. ఎనిమిది నెలలు దాచి, చివరికి ఆ వార్త నాకు వాళ్లమ్మగారి నోటి నుంచి వినిపించాడు. ఆవిడ తప్పు ఇసుమంతైనా లేదు. పాపం ఆవిడకూ అబద్ధమే చెప్పాడు కదా.

మంచితనం వేరు, చేదు మాట మింగకుండా చెప్పగలగడం వేరు. మనవాళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. కోపం లేని మనిషి దొరికితే చాలు, అదృష్టం అంటారు. కోపం లేకపోవడానికి కారణం భయం కూడా కావచ్చని ఎవరూ ఆలోచించరు.

ఈ భయం ఇంట్లోనే నేర్పిస్తాం. లెక్కల్లో 30 మార్కులొస్తే బెల్టు తీసే నాన్న, "నాన్నకు తెలియనివ్వకు" అంటూ ప్రోగ్రెస్ కార్డు మీద తనే సంతకం పెట్టే అమ్మ. పదేళ్లు అలా పెరిగినవాడికి చెడ్డ వార్త అంటే దాచాల్సిన వస్తువు అని ఒంట్లోకి ఎక్కిపోతుంది. ఆడపిల్లలకూ అంతే, ఇంకా ఎక్కువ. అందుకే సంబంధం చూడ్డానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు సోఫాలు, కారు కాదు, చేతిలోంచి గ్లాసు జారి పగిలితే ఆ ఇంట్లో ఎవరేమంటారో చూడమంటాను.

2016లో మా పిన్ని ఒక సంబంధం తెచ్చింది. కదిరి అబ్బాయి, ఇక్కడే ఉద్యోగం. పెద్దల ముందు ఒకసారి చూసుకున్నాం. రెండోసారి జయనగర్ ఫోర్త్ బ్లాక్‌లో దర్శిని అనే చిన్న టిఫిన్ హోటల్లో ఇద్దరమే కలిశాం. నిలబడి తినే బల్ల, చుట్టూ జనం. బై టూ కాఫీకి టోకెన్ తీసుకొచ్చాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసిస్తారు, ఈ ఊళ్లో అది మామూలే. కౌంటర్ దగ్గరికి వెళ్లబోతూ ఆగి, "కాఫీ తెచ్చేలోపు ఒక విషయం చెప్పాలండీ" అని ఫోన్ తీసి లోన్ స్టేట్‌మెంట్ చూపించాడు. 6 లక్షల పర్సనల్ లోన్, నెలకు 16,700, ఇంకా 31 నెలలు కట్టాలి. వాళ్ల నాన్న శెనక్కాయ పంట కోసం నాలుగు బోర్లు వేయించారు. 900 అడుగులు పోయినా మూడింట్లో దుమ్మే వచ్చింది. ఉమ్మడి అనంతపురం జిల్లా వాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. "మావాళ్లు పెళ్లయ్యాక చెప్దువులే అన్నారు. నాకు మనసొప్పలేదు. మీకు వద్దనిపిస్తే ఇక్కడే చెప్పేయండి, మావాళ్లకు నేను చెప్పుకుంటాను."

చెవులు ఎర్రబడిపోయాయి అతనికి, కానీ చూపు దించలేదు. నేను బిల్లు కాగితం వెనక్కి తిప్పి నా జీతం, అతని జీతం, మారతహళ్లిలో చిన్న ఇంటి అద్దె వేసి చూశాను. ఇరుగ్గా ఉంటుంది కానీ గడుస్తుంది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

మా పెద్దనాన్న మాత్రం ఒప్పుకోలేదు. అప్పు వల్ల కాదు, ఆయనకు అప్పు సంగతి తెలియదు. జాతకాల్లో నాడీ కూటమి కలవలేదట. 36లో దానికొక్కదానికే 8 పాయింట్లు. గణానికి 6, గ్రహమైత్రికి 5 అంటూ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పే మనిషి, అబ్బాయి నెలకు ఎంత కడుతున్నాడని ఒక్కసారి అడగలేదు. నమ్మకం ఉన్నవాళ్లు జాతకాలు చూసుకోండి, నేను వద్దనను. కానీ అప్పులు ఎలా కడుతున్నారో చెప్పే సిబిల్ స్కోరు అడగడానికి మొహమాటమెందుకు? అది 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఇలాంటి స్కోర్లు లెక్కగట్టే క్రెడిట్ బ్యూరోలు ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నా రిపోర్టు ఇదిగో, మీది చూపిస్తారా అని ఇద్దరూ మార్చుకోండి. బయోడేటాలో ప్యాకేజీ అని రాసే అంకెలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిపేస్తారు, చేతికొచ్చేది వేరు. అప్పు ఉండటం తప్పని నేననడం లేదు. ఆ కాగితం అడిగినప్పుడు ఎదుటి మనిషి ఏం చేస్తారన్నదే నేను చూడమంటున్నది.

ఇందులో నా వంతు కూడా ఒకటుంది, దాచకుండా రాస్తాను. ఆ కదిరి అబ్బాయినే పెళ్లి చేసుకున్నాను. పెళ్లయిన కొత్తలో ఆయన స్నేహితుడికిచ్చిన 30 వేలు తిరిగి రావని తెలిసి, ఆ రోజే నాకు చెప్పారు. నేను పక్కింటికి వినిపించేలా అరిచాను, రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత కొన్ని వారాలు ఆయన ఏ విషయం చెప్పాలన్నా ముందు నా మొహం చూసి ఆగడం గమనించాను. వాళ్లమ్మ ముందు గ్లాసు కడిగిన ఆ అబ్బాయి గుర్తొచ్చాడు. అలాంటి మనిషిని నా చేతులతో నేనే తయారు చేస్తున్నానా అని భయమేసింది. అప్పటి నుంచి ఆయన చెప్పడం అయిపోయేదాకా నోరు తెరవకూడదని పెట్టుకున్నాను. ఒక్కోసారి పళ్లు బిగించుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఎదుటివాళ్లను చూసేటప్పుడు, మీకు చెడ్డ వార్త చెప్పడం ఎంత తేలికో మీ ఇంట్లోవాళ్లను కూడా అడగండి.

2023లో ఆయన ఉద్యోగం పోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి మీటింగ్ పెట్టి చెప్పారట, పన్నెండుం పావుకి నాకు ఫోన్ చేశారు. "తీసేశారు. ఇంకా బిల్డింగ్ కిందే ఉన్నాను. మన దగ్గర నాలుగు నెలలకు సరిపడా ఉంది కదా?" అన్నారు. ఐదు నెలలకు ఉందని చెప్పాను. సాయంత్రం పాపను స్కూల్ నుంచి తెచ్చుకుని ఇద్దరం కూర్చుని ఏ ఖర్చు ఆపాలో రాసుకున్నాం, రాత్రికే ఊరికి ఫోన్ చేసి రెండు వైపులా పెద్దవాళ్లకు చెప్పేశాం. మా మామగారు ఫోన్‌లో కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈ నెల నాకు పంపొద్దులే నాయనా, శెనక్కాయలు అమ్మిన డబ్బుంది" అన్నారు.