మూలా నక్షత్రం నాడు గుంటూరు–విజయవాడ అదనపు రైళ్లు ఎలా వేయాలి?

దసరాల్లో మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవి అలంకారంలో ఉన్న దుర్గమ్మ దర్శనానికి వచ్చేవారి కోసం, ఉన్న మెమూలకే (విడిగా ఇంజను లేకుండా కరెంటుతో నడిచే దగ్గరి దూరాల రైళ్లకే) ఒకటి రెండు పెట్టెలు తగిలిస్తే చాలదా అన్నది ప్రశ్న. ఒక మోటారు పెట్టె, మూడు మామూలు పెట్టెలు కలిస్తేనే ఒక యూనిట్ కాబట్టి అలా కుదరదు. అయినా అసలు చిక్కు దారిలో ఉంది: గుంటూరు, తెనాలి లైన్లు కృష్ణా కెనాల్ జంక్షన్‌లో కలిసి నది దాటుతాయి కనుక, ఎక్స్‌ప్రెస్‌ల, గూడ్సుల మధ్య వంతెన మీద ఖాళీ ఎప్పుడు దొరుకుతుందో చూశాకే మంగళగిరిలో ఆగే సమయం రాయాలి. మెమూకు రెండు చివరలా డ్రైవర్ గది ఉంటుంది గనుక ఇంజను మార్చే పని లేక ప్లాట్‌ఫారం త్వరగా ఖాళీ అవుతుంది. పొద్దున జనం విడతలుగా వస్తారు; రాత్రి మాత్రం లడ్డూ సంచులతో, నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకుని ఒక్కసారే స్టేషన్‌కు చేరతారు కాబట్టి, రెండే రేకులు (పెట్టెలన్నీ కలిపిన పూర్తి రైళ్లు) ఉన్నా ఒకదాన్ని రాత్రికి అట్టిపెట్టడమే మంచిదని నా అభిప్రాయం.