‘శ్రీసభ’ బైబిల్లో లేదా?

సందేహం: మాది కతోలిక కుటుంబం. లూథరన్ (ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ) మిత్రుడితో విశ్వాసం గురించి మాటలు వచ్చినప్పుడల్లా మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోతున్నాను. చర్చికి మేము వాడే ‘శ్రీసభ’ అనే మాట బైబిల్లో ఎక్కడుంది? పారంపర్యాచారాన్ని యేసుప్రభువే ఖండించారు కదా, మీరెందుకు పట్టుకుని వేలాడతారు? మరియమ్మను ఆరాధించడం తప్పు కాదా? వీటికి భాషాపరంగా జవాబు ఉందా?

సమాధానం: మూడింటికీ ఉంది. అయితే మూడూ సమాన బలమున్నవి కావు. రెండోదానికి ఉన్నంత గట్టి ఆధారం మొదటిదానికి లేదు.

ముందు శ్రీసభ. ప్రొటెస్టెంటుల ఇళ్లలో ఉండే పాత తెలుగు అనువాదంలో ఈ మాట లేదన్నది నిజమే. ఆ మాటకొస్తే అందులోని ‘సంఘము’ కూడా గ్రీకు ‘ఎక్లేసియ’కు (కూడిన జనం) అనువాదకులు ఎంచుకున్న మాటే. అదే బైబిల్లో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం తీయమని మీ మిత్రుడికి చెప్పండి. ఎఫెసులో దేమేత్రియ అనే కంసాలి లేవదీసిన అల్లరికి జనం నాటకశాలలో పోగవుతారు. 32వ వచనంలో “ఆ సభ గలిబిలిగా ఉండెను”, 39లో “క్రమమైన సభలో”, 41లో “సభను ముగించెను”. మూడుచోట్లా మూలంలో ఉన్నది ఎక్లేసియే. హెబ్రీయులకు 2:12లో అదే ‘సమాజము’ అయింది. అంటే ఆ అనువాదకులకు ‘సభ’ పరాయి మాట కాదు. ఊరి జనం గుమిగూడితే సభ, విశ్వాసులు కూడితే సంఘం అని వాళ్లొక గీత గీసుకున్నారు. కతోలికులు ‘సభ’నే ఉంచుకుని, ముందు ‘శ్రీ’ చేర్చి అదే గీత గీశారు. శ్రీముఖం, శ్రీమఠం వంటి మాటల్లో ఉన్న గౌరవవాచకమే ఇదీ.

ఇక్కడ కొందరు అత్యుత్సాహంతో ఇంకో మెట్టు ఎక్కుతారు. పాల ఉత్పత్తిదారుల సంఘంలా సంఘమంటే సభ్యులు కూడి పెట్టుకునేది, సభ అంటే ఒకరు పిలిస్తే కూడేది, ఎక్లేసియ పుట్టుకలోనూ ‘పిలుపు’ ఉంది, కాబట్టి మా మాటే సరి అంటారు. వినడానికి బాగుంటుంది గాని నిలవదు. పదం పుట్టుక వేరు, వాడుకలో దాని అర్థం వేరు. ఆ వాదం ఎత్తకండి.

అసలు చిక్కు వేరేచోట ఉంది. ప్రొటెస్టెంటుల వాడుకలో ‘మీది ఏ సంఘం?’ అంటే ఏ ఊళ్లో, ఏ వీధిలో కూడుకుంటారని. మీరు ‘శ్రీసభ ఒక్కటే’ అంటే మీ మిత్రుడి చెవికి ‘మా సంఘం ఒక్కటే అసలైనది, మీది ఉత్తది’ అని వినిపిస్తుంది. అందుకే కట్టడానికి గుడి లేదా దేవాలయం, స్థానిక విశ్వాసుల గుంపుకు విచారణ, ప్రపంచమంతటికీ శ్రీసభ అని మాటలు విడదీసి వాడండి. ‘చర్చి’ ఈ మూడింటికీ చెల్లుతుంది కాబట్టి వాదనలో దాని జోలికి పోకపోవడమే మేలు. మీ మిత్రుడు విశ్వాస ప్రమాణంలో చెప్పే ‘పరిశుద్ధ సార్వత్రిక సంఘము’లోని సార్వత్రిక, మీ ‘కతోలిక’ ఒకే గ్రీకు విశేషణానికి రెండు రూపాలు. అలాగని ‘చూశావా, నువ్వూ మా శ్రీసభనే ఒప్పుకుంటున్నావు’ అని బిగించబోకండి. అక్కడ ఆయన చెప్పేది అన్ని దేశాల, అన్ని కాలాల విశ్వాసుల సముదాయమని.

రెండో ప్రశ్న దగ్గర కాస్త నిలబడి చూడాలి. మార్కు 7:8లో “మనుష్యుల పారంపర్యాచారమును గైకొనుచున్నారు” అని ఉంది. మత్తయి 15లోనూ, కొలొస్సయులకు 2:8లోనూ ఇదే మాట. మూలంలో ‘పరదోసిస్’. ఇప్పుడు 2 థెస్సలొనీకయులకు 2:15 చూడండి: “మా నోటిమాటవలననైనను మా పత్రికవలననైనను మీకు బోధింపబడిన విధులను చేపట్టుడి.” ఆ ‘విధులు’ కూడా పరదోసిస్సే, బహువచనంలో. 1 కొరింథీయులకు 11:2లో అదే ‘కట్టడలు’ అయింది. మందలించినచోట పారంపర్యాచారం, మెచ్చుకున్నచోట విధులు, కట్టడలు. మోసమనను. సందర్భాన్ని బట్టి మాట మార్చడం అనువాదంలో మామూలే. ఫలితం మాత్రం ఇది: తెలుగు ఒక్కటే చదివినవాడికి బైబిలు పరదోసిస్‌ను ఎప్పుడూ తిడుతుందనే అనిపిస్తుంది.

పరదోసిస్ అంటే ఒకరి చేతినుంచి ఇంకొకరికి అందించడం. దీని క్రియారూపాన్ని 1 కొరింథీయులకు 11:23లో ‘అప్పగించు’ అని చక్కగా తెలిగించారు. నామవాచకంగా ‘అప్పగింత’ అందామంటే పెళ్లిలో అప్పగింతల ఏడుపు గుర్తొస్తుంది! ‘సంప్రదాయం’ సరిపోతుంది. సం, ప్ర ఉపసర్గలు, వెనక ‘ఇచ్చు’ అనే అర్థమున్న ‘దా’ ధాతువు, నిర్మాణంలో గ్రీకు మాటకు దాదాపు జంట. అయితే ఉత్త ‘సంప్రదాయం’ అంటే పంచెకట్టు దాకా పోతుంది. ‘అపొస్తలుల (యేసు పంపిన తొలి బోధకుల) సంప్రదాయం’ అనండి. మీ మిత్రుడు అప్పుడు, అపొస్తలులు నోటిమాటగా చెప్పినదంతా తర్వాత వాళ్ల పత్రికల్లోకి, అంటే లేఖల్లోకి, ఎక్కేసిందనవచ్చు. అది చరిత్ర, వేదాంతం తేల్చాల్సిన విషయం. నిఘంటువుకు అక్కడ పని లేదు.

మూడోది, మరియమ్మ ఆరాధన, మీవాళ్లు చేజేతులా తెచ్చుకున్న తంటా. త్యాగరాజ ఆరాధనోత్సవాలు మొదలు అభిమాన నటుణ్ణి ఆరాధించడం దాకా తెలుగులో ‘ఆరాధన’ వదులైన మాట. మతచర్చలో అది బిగుతు మాట. 787లో జరిగిన రెండవ నికేయా మహాసభ ‘లత్రియ’, అంటే అసలైన ఆరాధన, దేవునికి ఒక్కడికే చెల్లుతుందని తేల్చింది. పునీతులకు (సెయింట్లకు) ఇచ్చే గౌరవానికి వేదాంతులు వాడే పేరు ‘దులియ’, మరియమ్మకు ఇచ్చే విశేష గౌరవానికి ‘హైపర్ దులియ’. ఆరాధనను లత్రియకే ఉంచండి. దివ్యసత్ప్రసాద (క్రీస్తు శరీరమని మీరు నమ్మే అప్పం) ఆరాధన అనడం మీ విశ్వాసం ప్రకారం సరైనదే. కరపత్రంలో ‘మరియమాత ఆరాధన’ అని వేయించడం మీ బోధ ప్రకారమే తప్పు. వందనం, గౌరవం, భక్తి అన్న మాటలు ఉండనే ఉన్నాయి. మీ మంగళవార్త జపం “మరియమ్మా, వందనము” అనే అంటుంది, “మా కొరకు” ప్రార్థించమని అడుగుతుంది. ‘ప్రార్థన’కూ మూలార్థం వేడుకోలే. ‘తప్పక రావలసిందిగా ప్రార్థన’ అని శుభలేఖలో అచ్చేసినవారు చుట్టాలను దేవుళ్లను చేయలేదు.

మోకరిల్లడం మాటేమిటని మీ మిత్రుడు అడిగితే ప్రకటన 3:9 చూపండి. “నీ పాదముల యెదుట పడి నమస్కారముచేసి” అని మనుషుల ముందు జరగబోయేదానికీ, మత్తయి 2:11లో జ్ఞానులు శిశువును ‘పూజించి’ అన్నదానికీ గ్రీకులో క్రియ ఒకటే, ‘ప్రోస్కునేయో’. ఎవరి ముందు, ఏ భావంతో అన్నదాన్ని బట్టి అనువాదకులే తేడా చూపారు.

మీరు అడగకపోయినా పేతురు సంగతి ఒకటి. మత్తయి 16:19లో యేసు బంధించే అధికారం పేతురుకు ‘నీవు’ అని ఏకవచనంలో ఇచ్చారు, 18:18లో ‘మీరు’ అని శిష్యులందరికీ. ఇప్పటి ఇంగ్లీషులో చదివితే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. తెలుగులో తేడా తెలిసిపోతుంది. ఈ అనువాదం ఒక్క శిష్యుణ్ణి గౌరవార్థకంగా ‘మీరు’ అనదు, కాబట్టి 18:18లోని ‘మీరు’ బహువచనమే.