చిన్న పిల్లాడు, పెద్దవాళ్లతో గ్రీస్‌లోని క్రీట్ దీవిలో ఉన్న ఎలఫోనీసి బీచ్‌కి వెళ్లొచ్చా?

జర్మనీలో ఉంటున్నాం, చిన్న బాబునీ అమ్మానాన్నలనీ తీసుకుని గులాబీ రంగు ఇసుకున్న ఆ బీచ్‌కి వెళ్లొచ్చా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. కాకపోతే హెరాక్లియన్ నగరంలోని మీ హోటల్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేద్దాం అన్న ఆలోచన మాత్రం మానుకోండి.

మేమూ మీలాగే జర్మనీలో ఉంటాం. రెండేళ్ల కిందట వెళ్లినప్పుడు మా వాడికి నాలుగేళ్లు. చీరాల నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. సెప్టెంబరులో ఐదుగురం కలిసి క్రీట్ వెళ్లాం. మీ పరిస్థితి అచ్చం అదే కాబట్టి మేం చేసిన తప్పులతో మొదలుపెడతాను.

హెరాక్లియన్ నుంచి హనియా నగరం 140 కిలోమీటర్లు. హనియా నుంచి ఎలఫోనీసి ఇంకో 75. ఆ 75కే గంటన్నర పడుతుంది, ఎందుకంటే సగం దారి కొండలే. తొపోలియా లోయ దగ్గర ఒక పాత సొరంగం ఉంది, ఒకసారికి ఒకవైపు బండ్లే పోతాయి, సిగ్నల్ పడేదాకా ఆగాలి. మలుపు తిరిగితే రోడ్డు మధ్యలో మేకలు తీరిగ్గా నిలబడి ఉంటాయి. మా వాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కవర్లు, తడి గుడ్డ, ఒక జత బట్టలు కారు డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి. ఒక్కరోజులో వెళ్లిరావాలంటే మీకు పోనూ రానూ ఏడు గంటల దాకా కారులోనే గడుస్తుంది. పిల్లాడి సంగతి అటుంచండి, మీ నాన్నగారి నడుం ఏమవుతుందో ఆలోచించండి.

మేం హనియాలోనే దిగాం. అయినా మొదటి రోజు పాడు చేసుకున్నాం. ఇడ్లీ తిని, పులిహోర కలుపుకుని, అందరూ తయారై బయల్దేరేసరికి తొమ్మిదిన్నర. చేరేసరికి పదకొండు దాటింది. కారు ఎక్కడో దూరంగా పెట్టి ఎండలో నడిచాం. మేం సూపర్‌మార్కెట్‌లో చవగ్గా కొన్న గొడుగు మొదటి గాలికే ఎగిరిపోయి ఎవరో పెద్దాయన కాళ్ల దగ్గర పడింది. ఆయన నవ్వి తెచ్చిచ్చాడు కానీ మా ఆయన ముఖం చూడాలి. పులిహోర నిండా ఇసుక. రెండింటికల్లా తిరుగుముఖం పట్టాం.

మా ఆయన పంతానికి దగ్గర్లోని ఊళ్లో ఒక రాత్రికి గది తీసుకుని మరుసటి రోజు ఎనిమిదింటికల్లా వెళ్లాం. అదే అసలు ఎలఫోనీసి. గాలి లేదు, జనం లేరు, నీళ్లు గాజుపలకలా ఉన్నాయి.

మా అమ్మ సంగతి చెప్పాలి. మా చీరాల వాడరేవు బీచ్‌లో మోకాళ్ల దాకా నీళ్లొస్తే చాలు, వెనక్కి రమ్మని కేకలేసే మనిషి. ఆ తీరంలో పుట్టి పెరిగినవాళ్లకి ఆ భయం ఉంటుంది, అర్థం ఉన్న భయమే. ఇక్కడ తీరానికీ ఎదురుగా ఉన్న చిన్న దీవికీ మధ్య నీళ్లు చాలాచోట్ల మోకాలి లోతే, ఎక్కువున్న చోట నడుం దాకా. అమ్మ కాసేపు గట్టున నిలబడి చూసి, "ఇది సముద్రమా, చెరువా? అలలేవే?" అంది. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని దిగింది. అరగంట తర్వాత చూస్తే నీళ్లలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది, మనవడు బకెట్‌తో నెత్తిన నీళ్లు పోస్తున్నాడు. అంత నిశ్చింతగా ఆవిడని సముద్రంలో నేనెప్పుడూ చూడలేదు. కానీ ఒక మాట. ఈ లోతు లేకపోవడమంతా లోపలి వైపే. దీవి అవతలి వైపు రాళ్లు, అలలు ఉంటాయి. పిల్లాణ్ణి అటు తీసుకెళ్లొద్దు.

గులాబీ రంగు ఇసుక గురించి అడిగారు కదా. ఫోటోల్లో ఉన్నంత ఉండదు. గులాబీ రంగు గుల్లలున్న అతి చిన్న సముద్రజీవుల పెంకులు నలిగి ఇసుకలో కలవడం వల్ల ఆ రంగు వస్తుంది. అలలు తాకే అంచున, తడి ఇసుకలో చారలు చారలుగా బాగా కనిపిస్తుంది. కేవలం ఆ రంగు కోసమే వెళ్తే మాత్రం నిరాశపడతారు. ఇది నాచురా 2000 (యూరోపియన్ యూనియన్ ప్రకృతి రక్షణ ప్రాంతాల జాబితా) కింద రక్షణలో ఉన్న చోటు, ఇసుక పట్టుకెళ్లడం నిషేధం. మా వాడి బకెట్ కారెక్కే ముందు ఖాళీ చేయించాం, ఏడ్చాడు.

మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమన్నారు, అందుకని ఇది కూడా. 1824లో ఒట్టోమన్ (టర్కీ సామ్రాజ్య) సైన్యానికి భయపడి వందల మంది ఆడవాళ్లు, పిల్లలు ఆ దీవిలో దాక్కున్నారు. ఒక గుర్రం నీళ్లలోకి దిగి అవతలికి నడవడం చూసి సైనికులకు లోతు లేదని తెలిసిపోయిందని, అలా దాటి వెళ్లి చంపేశారని అక్కడ చెప్పుకుంటారు. దీవి మీద వాళ్ల గుర్తుగా ఒక ఫలకం ఉంది. అది తెలిశాక ఆ మోకాలి లోతు నీళ్లలో నడుస్తుంటే మనసు అదోలా అయింది.

తిరిగొచ్చేటప్పుడు ఐదు కిలోమీటర్ల దూరంలో క్రిసొస్కలీతిస్సా అనే క్రైస్తవ మఠం దగ్గర ఆగండి. రాతి గుట్ట మీద తెల్లగా ఉంటుంది. మెట్లలో ఒకటి బంగారుదట, పాపం చేయనివాళ్లకే కనిపిస్తుందట. నాన్న పైకెక్కి వచ్చి, "నాకు అన్నీ రాయే కనిపించాయి, మీ అమ్మని అడక్కండి" అన్నాడు. భుజాలు కప్పే బట్టలు వేసుకుంటే మంచిది.

తిండికి మరీ టెన్షన్ పడకండి. బీచ్‌లో దొరికేవి శాండ్‌విచ్‌లు, చల్లటి డ్రింకులే, కానీ దారిలోని ఊళ్లలో శాకాహారం దొరుకుతుంది. దాకోస్ అంటే బార్లీ రొట్టె మీద టమాటా, మెత్తటి చీజ్. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర, నిమ్మరసం పిండి ఇస్తారు, మా అమ్మకి అదే నచ్చింది. "నిస్తీసిమో" అని అడిగితే అక్కడి క్రైస్తవుల ఉపవాసపు వంట అని అర్థం, మాంసం, పాలు ఉండవు. అయితే వాళ్ల ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్ తినొచ్చు! కాబట్టి అవీ వద్దని విడిగా చెప్పాలి.

మీ అమ్మానాన్నలకి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకి చెల్లే ఉమ్మడి వీసా) ఉంది కాబట్టి గ్రీస్‌కి వేరేది అక్కర్లేదు, పాస్‌పోర్టులు మాత్రం మర్చిపోవద్దు. జూలై, ఆగస్టులైతే జనమూ, గాలీ రెండూ ఎక్కువ. కుదిరితే సెప్టెంబరుకి మార్చుకోండి, నీళ్లు అప్పటికి బాగా వెచ్చబడి ఉంటాయి. గొడుగు అక్కడ అద్దెకి దొరికితే అదే తీసుకోండి. స్ట్రోలర్ ఇంట్లోనే వదిలేయండి, మేం దాన్ని ఇసుకలో లాగలేక చివరికి నెత్తిన పెట్టుకుని మోశాం.