గాలి దిగేది టైరులోంచా, రిమ్‌లోంచా?

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి ఎగుమతి వ్యాపారం. పద్నాలుగు నెలల కిందట మా ఫర్మ్ పేరు మీద హైదరాబాద్‌లో ఒక జర్మన్ స్పోర్ట్స్ సెడాన్ కొన్నాం. 70 లక్షల పైమాటే. కొన్నాళ్లుగా వెనక ఎడమ చక్రంలో గాలి దిగుతోంది. 36 పీఎస్ఐ కొట్టిస్తే తెల్లారేసరికి 31. సూర్యాపేట దగ్గర పంక్చర్ షాపులో చిన్న మేకు తీసి, ఆ రంధ్రంలో బయటినుంచి రబ్బరు స్ట్రిప్ వేశారు. అయినా తగ్గలేదు. విజయవాడలో కంపెనీ వర్క్‌షాపు వాళ్లు తనిఖీకి 1,180 రూపాయలు తీసుకుని ‘రన్‌ఫ్లాట్ టైరు (గాలి పోయినా కొంతదూరం నడిచేది), రిపేరు కుదరదు, వెనక రెండూ మార్చాలి’ అని జాబ్ కార్డు మీద రాశారు. రెండింటికి 78 వేలు అన్నారు. అంత ఎందుకని గుంటూరులోనే ఒక టైర్ల షాపులో మామూలు టైర్లు రెండు 52 వేలకు వేయించాను. మేకు దిగిన పాత టైరును వారంటీ క్లెయిమ్‌కని వర్క్‌షాపు వాళ్లు తీసుకుని, తర్వాత ఫోన్ చేసి ‘రాయి దెబ్బ తగిలింది, క్లెయిమ్ రాదు’ అన్నారు. ఇంకా మూడు వారాలు కాలేదు, కొత్త టైరులోనూ అదే చక్రంలో గాలి దిగుతోంది! మా అబ్బాయి చూస్తే ఒక టైరు తయారై మూడేళ్లు దాటింది. పాత టైర్ల మీద స్పీడ్ రేటింగ్ వై, వీటి మీద వి. షాపాయన ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం అని బిల్లు మీదే ఉంది కదా’ అంటున్నాడు. ఎవరి మీద కేసు వేయాలి? కారు ఫర్మ్ పేరున ఉంటే వినియోగదారుల కమిషన్ తీసుకుంటుందా? ఈ టైర్లతో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వస్తుందా?

– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో ముఖ్యమైన మాట ఒకటే. టైరు మార్చినా అదే చక్రంలో గాలి దిగుతోంది. అంటే తప్పు టైరుది కాకపోయే అవకాశమే ఎక్కువ. మేకు నిజమే, స్ట్రిప్ నిజమే. కానీ గాలి వాల్వ్ మొదట్లోంచి పోతూ ఉండొచ్చు, టైరు అంచు రిమ్‌కి ఆనుకునే బీడ్ దగ్గర పోతూ ఉండొచ్చు, గుంతలో పడి అల్లాయ్ రిమ్‌కి వెంట్రుకవాసి పగులు వచ్చి ఉండొచ్చు. ఇవి తేలకుండా నోటీసులు రాయడం మొదలుపెడితే ప్రతివాళ్లూ పక్కవాళ్ల వైపు వేలు చూపిస్తారు. కమిషన్ ముందు నిరూపించాల్సింది మీరే.

కాబట్టి ముందు ఆ చక్రాన్ని ఇంకో మంచి వర్క్‌షాపులో విప్పించండి. గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచి నెమ్మదిగా తిప్పించండి. వాల్వ్ దగ్గర బుడగలు వస్తే ఒక కథ, రిమ్ లోపలి అంచు మీద సన్నగా వరస కట్టి వస్తే ఇంకో కథ. మొత్తం వీడియో తీయండి. చక్రం మీద నంబరు, కారు నంబరు ప్లేటు కనపడాలి. చూసిన మెకానిక్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకుని తేదీ, సంతకం, స్టాంపు వేయించండి. వీడియోను కమిషన్‌లో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేస్తే ఎదుటివాళ్లు లేవనెత్తే అభ్యంతరం ఒకటి తగ్గుతుంది.

పగులు బయటపడితే మాత్రం వెంటనే వెల్డింగ్ చేయించకండి. ‘వెయ్యి రూపాయల్లో అయిపోతుంది సార్’ అంటారు. అతికించిన రిమ్ మీద హైవే వేగాల్లో పోవడం ప్రమాదం. పైగా మీ సాక్ష్యాన్ని మీ చేత్తోనే చెరిపేసినట్టవుతుంది. పాత టైరు విషయంలో అదే జరిగింది. రసీదు లేకుండా వర్క్‌షాపు చేతిలో పెట్టారు. దాన్ని వెంటనే తిరిగి ఇమ్మని రాయండి. వస్తువును పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే కమిషన్ దాన్ని సీలు చేయించి ప్రయోగశాలకు పంపొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్‌లో ఆ ఏర్పాటు ఉంది. టైరే లేకపోతే పంపడానికి ఏమీ ఉండదు. ‘రాయి దెబ్బ’ అని ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ లేదు. టైరు కంపెనీ ఇన్‌స్పెక్షన్ నివేదిక, ఫొటోలు కాగితం మీద అడగండి.

ఇక కేసు ఎవరి మీద? కారు అమ్మిన డీలరు, కారు కంపెనీ, టైరు కంపెనీ అందరినీ కలిపి, కారులోనే లోపమని పెద్ద ఫిర్యాదు వేయాలని చాలామందికి అనిపిస్తుంది. నేనైతే వద్దంటాను. ఏ కమిషన్‌కి వెళ్లాలన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కొన్నప్పుడు చెల్లించిన ధరను బట్టి. ఈ పద్ధతి చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షలు. మీ కారు 70 లక్షల పైన కాబట్టి, కారుతో వచ్చిన టైరు లోపం అని మొదలుపెడితే ‘ఇది రాష్ట్ర కమిషన్ కేసు’ అన్న అభ్యంతరంతోనే సగం కాలం పోతుంది.

మీ దగ్గర అంతకంటే గట్టి కేసు ఉంది. 1,180 రూపాయలు తీసుకుని తనిఖీ చేసిన వర్క్‌షాపు, గాలి ఎక్కడ పోతోందో పట్టుకోకుండా టైర్లు మార్చమని రాసిచ్చింది. ఇది సేవా లోపం. మీరు ఆ సేవకు డబ్బు కట్టారు, రసీదు ఉంది, జాబ్ కార్డు ఉంది, మార్చినా లీకు పోలేదన్న రుజువు మీ చక్రంలోనే ఉంది. ఈ సేవకు చెల్లించినది 1,180 రూపాయలే కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. వర్క్‌షాపు విజయవాడలో ఉన్నా, కారు హైదరాబాద్‌లో కొన్నా ఇబ్బంది లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట, పనిచేసుకునే చోట వేసుకునే వీలు అదే చట్టం 34వ సెక్షన్ ఇస్తుంది.

52 వేలూ తిరిగి వస్తాయని మాత్రం ఆశపెట్టను. వర్క్‌షాపు వాదన ఇలా ఉంటుంది: మేకు దిగి బయటినుంచి స్ట్రిప్ వేసిన రన్‌ఫ్లాట్‌ను తక్కువ గాలితో నడిపారు, ఎలాగైనా మార్చాల్సిందే, ఒకే యాక్సిల్ మీద ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉండకూడదు కాబట్టి రెండూ అన్నాం. ఆ మాటలో బలం లేకపోలేదు. స్ట్రిప్ అనేది దగ్గర్లోని షాపు దాకా చేరడానికే. సరైన రిపేరు అంటే టైరు విప్పి లోపలినుంచి పుట్టగొడుగు ఆకారపు మష్రూమ్ ప్యాచ్ వేయడం, అదీ నేలకు ఆనే భాగంలో చిన్న రంధ్రమైతేనే. సైడ్‌వాల్ మీదైతే అసలు చేయరు. గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్‌ను రిపేరు చేయొద్దని చాలా కంపెనీలు అంటాయి. అందుకని మేకు దిగని కుడివైపు టైరు ఖర్చు, తనిఖీ ఛార్జీ, తిరుగుళ్లు, మనోవేదన, కేసు ఖర్చులు అడగండి. మొత్తం అడగడంలో తప్పు లేదు, పాక్షికంగా వచ్చినా నిరుత్సాహపడకండి.

నోటీసుకు లాయరే అక్కర్లేదు. స్పీడ్ పోస్టులో ఇలా రాస్తే చాలు: ‘ఫలానా తేదీన నా కారు వెనక ఎడమ చక్రంలో గాలి దిగుతోందని చెప్పి 1,180 రూపాయలు చెల్లించాను. చక్రాన్ని నీళ్లలో ముంచి చూసినట్టు గానీ, వాల్వ్, బీడ్, రిమ్ పరీక్షించినట్టు గానీ జాబ్ కార్డులో లేదు. మీరు రాసిచ్చిన మాట మీద టైర్లు మార్చినా లీకు అలాగే ఉంది. ఆ రోజు చేసిన పరీక్షల వివరాలు, నా పాత టైరు, టైరు కంపెనీ నివేదిక 15 రోజుల్లో ఇవ్వగలరు.’ దీనికి వచ్చే జవాబు, రాకపోతే ఆ మౌనం, రెండూ మీకే పనికొస్తాయి. 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని అక్కడే తెగిపోతాయి.

పరీక్షలో తేలిన కారణాన్ని బట్టి ఇంకో దారి కూడా ఉంటుంది. గాలి ఒత్తిడి చెప్పే వాల్వ్ సెన్సర్ లోపమో, రిమ్ పోతపోయడంలో లోపమో అయితే కారు వారంటీ ఇంకా నడుస్తూనే ఉందేమో బుక్‌లెట్ చూసుకుని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. గుంతలో పడి పగిలితే వారంటీ వర్తించదు, కానీ ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. మామూలు ప్యాకేజీ పాలసీలో కారుకు వేరే నష్టం లేకుండా టైరు ఒక్కటే పాడైతే ఇవ్వరు. కారుతోపాటు పాడైతే మార్చే ఖర్చులో సగమే ఇస్తారు. రిమ్ టైరు కాదు. ప్రమాదవశాత్తూ పగిలిందని తేలితే ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగిన నష్టం) కింద అడగొచ్చు. 1500 సీసీ దాటిన కారుకు తప్పనిసరి మినహాయింపు 2,000 రూపాయలు పోతుంది, నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. లెక్క వేసుకుని నిర్ణయించండి. ఎప్పుడు గుంతలో పడిందో గుర్తులేకపోతే ఏదో ఒక తేదీ వేసేయకండి. అబద్ధపు తేదీ ఒక్కటి చాలు క్లెయిమ్ మొత్తం కొట్టేయడానికి.

టైర్ల షాపు సంగతి వేరే కేసు. ఇక్కడ తొందర అవసరం. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు లేకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టంలోనే ఉంది. ‘వాపసు లేదు’ అని బిల్లు మీద అచ్చు వేసుకున్నంత మాత్రాన చట్టం ఆగిపోదు. మీకింకా నెల కాలేదు కాబట్టి ఈ వారమే రాతలో అడగండి.

అయితే మూడేళ్ల నాటి టైరు అన్న ఒక్క మాట మీద ఆధారపడకండి. టైరు మీద డాట్ (DOT) అన్న గుర్తు చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2322 అంటే 2022లో 23వ వారం. అమ్మకానికి ఇంతకాలమే అన్న గడువు చట్టంలో లేదు. పాత సరుకును కొత్తదని నమ్మించడం తప్పే గానీ, గోడౌన్‌లో పడుకున్న టైరు ‘పాత సరుకు’ అవునా కాదా అని వాదన సాగుతుంది. అసలు బలం స్పీడ్ రేటింగ్‌లో ఉంది. వై అంటే గంటకు 300 కిలోమీటర్లు, వి అంటే 240. మీ కారుకు కంపెనీ చెప్పిన రేటింగ్ డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. అంతకంటే తక్కువది అమ్ముతూ ఆ మాట చెప్పకపోవడం, సరుకు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే మీ హక్కుకు భంగమే. బిల్లు మీద సైజు ఒక్కటే రాసి ఉంటే ‘ఈ కారుకు సరిపోతాయి’ అని ఎవరు చెప్పారో, వాట్సాప్‌లో ఏమైనా మాటలు నడిచాయో వెతకండి.

‘ఔటర్ రింగు రోడ్డు మీదే 120 దాటకూడదు, 240 ఎందుకు చాలదు’ అని షాపాయన అంటాడు. నిజమే, మీరు 120 దాటకండి కూడా. కానీ ఆ అక్షరం వేగం ఒక్కటే కాదు, బరువుతో, వేడితో టైరు ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది. వి టైరు వేసినందుకే పోలీసులు చలానా రాయరు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు మాత్రం టైర్లు ఫొటో తీస్తాడు. వాహనాన్ని మంచి కండిషన్‌లో ఉంచాలన్న షరతు ప్రతి మోటారు పాలసీలోనూ ఉంటుంది. రేటింగ్ తక్కువన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయడం కుదరదు, ప్రమాదానికీ టైరుకూ సంబంధం చూపించాలి. ఆ వాదనకు మనమే చోటివ్వడం ఎందుకు? అరిగిన టైరైతే ఇంకా ఇబ్బంది. కార్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది.

మళ్లీ కొనేటప్పుడు సైజు, లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె), స్పీడ్ రేటింగ్, ప్రతి టైరు డాట్ అంకెలు బిల్లు మీద రాయించుకోండి. ఐఎస్‌ఐ గుర్తు లేని విదేశీ టైరు ఎంత చౌకైనా వద్దు. జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. ఇంకా పాత రేటు వేసేవాళ్లుంటే అడగండి. ముందు రెండూ రన్‌ఫ్లాట్, వెనక రెండూ మామూలువి అన్న కలగలుపును కార్ల కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు, మీ కారు ఇప్పుడు సరిగ్గా అలాగే ఉంది. రన్‌ఫ్లాట్ కార్లకు చాలావాటికి స్టెప్నీ ఉండదు కాబట్టి, నాలుగూ మామూలువే వేయించాలనుకుంటే రిపేరు కిట్ కారులో పెట్టుకోండి. అందంగా ఉంటుందని కంపెనీ చెప్పని వెడల్పు టైర్ల జోలికి మాత్రం పోవద్దు. కంపెనీ నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

ఫర్మ్ పేరు గురించి భయం వద్దు. చట్టం దృష్టిలో ఫర్మ్ కూడా ‘వ్యక్తి’యే. చూడాల్సింది కారు వాడకం. డైరెక్టరు సొంత అవసరాలకు కంపెనీ కొన్న కారు వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నట్టు కాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఫిర్యాదు ఫర్మ్ పేరు మీదే వేసి, కారును మీరూ కుటుంబమూ వాడుకుంటున్నామని ప్రమాణపత్రంలో స్పష్టంగా రాయండి. సరుకు కొనేవాళ్లను తిప్పడానికి వాడుతున్నామని ఎక్కడైనా రాసి ఉంటే ముందే మీ లాయరుకు చెప్పండి.

గడువు రెండేళ్లు. వర్క్‌షాపు మీద జాబ్ కార్డు తేదీ నుంచి, టైర్ల షాపు మీద బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టుకోండి. మధ్యలో వాళ్లతో ఎన్ని ఉత్తరాలు నడిచినా ఆ లెక్క ఆగదు.