ఇంటి ఆఫీసు గోడకి అమ్మ చీరతో బోర్డు

ప్రశ్న: అక్కా, మేం కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్‌లో ఉంటాం. నాకు వారంలో 3 రోజులు ఇంటి నుంచే పని. బెడ్‌రూమ్ మూలన 4 అడుగుల టేబుల్ వేసుకుని కూర్చుంటాను. రాసుకున్న చీటీలన్నీ గోడకి అంటిస్తే సాయంత్రానికి ఫ్యాన్ గాలికి ఊడి మంచం కిందకి చేరుతున్నాయి. మేకులు కొట్టొద్దని ఓనర్ గారు ముందే చెప్పారు. అమ్మది పాత పోచంపల్లి చీర ఒకటి నా దగ్గరుంది, మధ్యలో చిరిగిపోయింది. దాంతో బోర్డు చేసుకోవాలని ఉంది కానీ కోయడానికి చెయ్యి రావడం లేదు. కార్క్ కొనాలా, సాఫ్ట్‌బోర్డ్ కొనాలా?

జవాబు: ముందు ఆ చీర నూలుదా పట్టుదా చూడండమ్మా. నూలుదైతే నిశ్చింతగా వాడొచ్చు, పిన్ను తీశాక వేలితో ఒకసారి రుద్దితే పోగులు మళ్లీ దగ్గరికొస్తాయి. పట్టుదైతే మాత్రం వద్దు, చిల్లు అలాగే ఉండిపోయి నెల తిరిగేసరికి బోర్డంతా జల్లెడలా కనిపిస్తుంది, అమ్మ చీరని అలా చూడలేరు.

కోయడం గురించి మీ బాధ అర్థమైంది. కానీ 3 అడుగులు, 2 అడుగుల బోర్డుకి చుట్టూ 4 అంగుళాలు వదులుకున్నా 44 అంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు గుడ్డ సరిపోతుంది. అంటే చీరలో మీటరు పైన కాస్త. చిరుగుకి పక్కనున్న బాగున్న భాగంలోంచి తీసుకోండి, పైట కొంగు జోలికి పోవద్దు, దాన్ని మడిచి దాచుకోండి. ముందు చీరని చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేసి ఇస్త్రీ చేయండి. రంగు ఇంకా దిగుతుంటే మళ్లీ ఉతకండి.

ఇక కత్తెర పెట్టేముందు ఒక్క పని చేయండి. కోయాల్సిన చోట గుండుసూదితో ఒక పోగుని పైకి లేపి, మెల్లగా లాగేయండి. పోగు బయటికొచ్చాక గుడ్డలో సన్నటి గీత కనిపిస్తుంది, దాని మీదే కోస్తూ వెళ్లండి. స్కేలు పెట్టి గీసిన గీత కంటే ఇది నిక్కచ్చిగా వస్తుంది. పోచంపల్లి నేతలో నేయకముందే నూలుని ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు కదా, అందుకే పువ్వు అంచు ఈకలా కాస్త చెదిరినట్టుంటుంది, ఆ అందమే వేరు. కానీ ఆ చెదురు చూడముచ్చటగా ఉండాలంటే పడుగు, పేక, అంటే నిలువు పోగులు, అడ్డం పోగులు రెండూ బోర్డు అంచుకి తిన్నగా ఉండాలి. గుడ్డ కొంచెం పక్కకి లాగినా పువ్వుల వరసంతా ఒరిగిపోతుంది, రోజూ ఎదురుగా కూర్చుని చూసేది మీరే.

అడుగున వేయడానికి నేను సాఫ్ట్‌బోర్డే చెబుతాను, అంటే చెక్క పీచుతో చేసే మెత్తటి పలక, 12 మి.మీ. మందం. 8 అడుగులు, 4 అడుగుల షీట్లుగా వస్తుంది, మీ దగ్గరి ప్లైవుడ్ షాపులోనే అడిగితే ముక్క కోసిస్తారు, లేకపోతే రాణిగంజ్ వెళ్లండి. కార్క్ మంచిదే. అది ఓక్ జాతి చెట్టు బెరడు, ఎక్కువగా పోర్చుగల్‌లో తీస్తారు, ఒకసారి బెరడు తీశాక మళ్లీ తీయడానికి సుమారు 9 ఏళ్లు ఆగుతారు. పిన్ను తీయగానే చిల్లు మూసుకునే గుణం దానికుంది. కానీ మీరు ఎలాగూ పైన గుడ్డ కప్పుతున్నారు, కనపడని దానికి అంత ఖర్చెందుకు? ఇంకో సంగతి, చుట్టగా అమ్మే పల్చటి కార్క్ 3 మి.మీ. ఉంటే పిన్ను మొన సెంటీమీటరు దాకా ఉంటుంది, అది కార్క్ దాటి గోడలో దిగుతుంది. ఓనర్ గారితో గొడవ మళ్లీ మొదలు.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే పాత అట్టపెట్టెలు మూడు పొరలు ఫెవికాల్‌తో అంటించండి. ఒక పొరలో అట్ట లోపలి గీతలు నిలువుగా ఉంటే తర్వాతి పొరలో అడ్డంగా రావాలి, అప్పుడే వంగదు. రాత్రంతా పైన బియ్యం డబ్బా, లావు పుస్తకాలు బరువు పెట్టండి. థర్మోకోల్ మీద మాత్రం రబ్బరు గమ్ము రాయకండి. నేను మొదటిసారి చేసినప్పుడు తెలియక అదే రాశాను, పది నిమిషాల్లో షీటు కరిగి గుంటలు పడింది, పైన వేసిన కొత్త కలంకారీ ముక్క కూడా పోయింది. ఇప్పటికీ ఆ ముక్క గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

గుడ్డ కప్పేముందే వేలాడదీసే తాడు కట్టుకోవాలి. సాఫ్ట్‌బోర్డ్‌లో స్క్రూ నిలవదు కాబట్టి పై భాగంలో రెండు చిల్లులు చేసి నైలాన్ తాడు దూర్చి, ముందు వైపు చొక్కా గుండీ ఒకటి పెట్టి ముడి వేయండి. అప్పుడు తాడు బోర్డుని కోసుకుంటూ బయటికి రాదు. దాని మీద పాత దుప్పటి ముక్క ఒక పొర వేస్తే గుండీ ఎత్తు తెలియదు, అడుగు రంగు కూడా కనపడదు. ఇప్పుడు చీర గుడ్డని నేల మీద బోర్లా పరిచి మధ్యలో బోర్డు పెట్టండి. నాలుగు వైపులా ముందు నడిమధ్యలో ఒక్కో గన్ స్టేప్లర్ పిన్ను, తర్వాత అక్కడి నుంచి మూలల వైపు ఎదురెదురుగా కొట్టుకుంటూ వెళ్లాలి. పిన్నులు ఏటవాలుగా దిగితే పట్టు బాగుంటుంది, అంతా అయ్యాక మీద బ్రౌన్ టేపు వేసేయండి. మూలలు చిన్నప్పుడు పుస్తకాలకి అట్టలు వేసినట్టే, ముందు కోణం లోపలికి, తర్వాత రెండు పక్కలూ దాని మీదికి. చీర అంచు కింద కనపడాలనుకుంటే ఆ వైపు మాత్రం 2 అంగుళాలే మడవండి.

ఇంతకీ ఎక్కడ పెట్టడం? క్యాలెండర్ మేకు లేని అద్దె ఇల్లు నేనింతవరకు చూడలేదు, మీ ముందున్నవాళ్లు కొట్టింది ఎక్కడో ఉండే ఉంటుంది. గట్టిగా ఉంటే దానికే తగిలించండి. లేదంటే టేబుల్ మీద గోడకి ఆనించి నిలబెట్టండి, అదీ బాగానే ఉంటుంది. అంటించే పట్టీలు మాత్రం డిస్టెంపర్ గోడకి వద్దు, తీసేటప్పుడు పెచ్చుతో సహా ఊడొస్తుంది. ఏప్రిల్, మేలో కూలర్ పెట్టుకుంటే ఆ తడిగాలి బోర్డుకి నేరుగా తగలకూడదు.

ఒక మూలలో మీటింగుల టైములు, ఒక మూలలో కరెంటు బిల్లు, అమ్మ ఫొటో ఒకటి, చాలు. మూడో వంతు ఖాళీ వదలండి, లేకపోతే చీర కప్పినందుకు ఫలితం ఏముంది? ఫ్యాన్ కింద కదా, ప్రతి చీటీకి పైన ఒకటి, కింద ఒకటి పిన్ను పెట్టండి. షాపుల బిల్లులు చాలావరకు వేడికి రంగు మారే కాగితం మీద వస్తాయి, కొన్నాళ్లకి అక్షరాలు మాయమవుతాయి, వారంటీ ఉన్నవాటికి జిరాక్స్ తీయించి పెట్టండి.

ప్రశ్న: మాది నల్లకుంటలో గ్రౌండ్ ఫ్లోర్. వానాకాలం వస్తే బోర్డు వెనక నల్ల మచ్చలు, ఈసారి మట్టి గీతలు కూడా కనిపించాయి. గుడ్డ మారిస్తే చాలా?

జవాబు: చాలదండీ. ఆ మట్టి గీతలు చెదవి. సాఫ్ట్‌బోర్డ్ చెక్క పీచుతో చేసేది, చెదకి అది తిండే. ఆ బోర్డు ఈ రోజే బయట పారేయండి, గోడకి చెద మందు కొట్టించండి, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూపించుకోండి. కొత్తది పెట్టేటప్పుడు పిల్లలు ఆడుకునే ఫోమ్ మ్యాట్ పలకలు రెండు పొరలు వేసి గుడ్డ కప్పండి, చెమ్మ పీల్చవు. వెనక నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకీ బోర్డుకీ మధ్య గాలి ఆడుతుంది.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాస్తున్నాను. మా బాబుకి ఏడాదిన్నర, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. పిన్నులంటే టెన్షన్‌గా ఉంది. బీరువాకి మ్యాగ్నెట్లు పెట్టుకోమంటున్నారు మావారు.

జవాబు: చిన్న మ్యాగ్నెట్లు పిన్నుల కంటే ప్రమాదం. రెండు మింగితే లోపల పేగుల్ని మధ్యలో పెట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది, మీ వారికి కూడా ఇది చెప్పండి. బాబు పెద్దయ్యేదాకా పిన్నులు, మ్యాగ్నెట్లు రెండూ వద్దు. బోర్డు మీద రిబ్బన్‌ని ఏటవాలుగా అటూ ఇటూ బిగించి, కలిసే చోట సూదీ దారంతో నాలుగు కుట్లు వేసేస్తే కాగితాలు దాని కింద దూర్చుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే రెండు మేకుల మధ్య తాడు కట్టి బట్టల క్లిప్పులు పెట్టుకోండి, పెద్దవి, బాబుకి అందనంత ఎత్తులో.